"ఏం కాదులే" అన్నావు కదక్కా

అక్కకు,

నమస్కారాలతో నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ బావా క్షేమమని తలుస్తాను అని రాయడం అలవాటు కాబట్టి ఆ మాట ముందే రాసేశాను. అందులో చాలావరకు నిజమే. అమ్మ క్షేమం, మా ఆయన, అదే మీ మరిది, క్షేమం, మేడ మీద వాటావాళ్ల కుక్క కూడా క్షేమం. నా సంగతి నిదానంగా చెప్తాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని నీ ఉత్తరంలో రెండు చోట్ల అడిగావు. ఫోన్‌లో అయితే నేను అరుస్తాను, లేదంటే ఏడుస్తాను. ఆ రెంటినీ ఎలా చల్లార్చాలో నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాగితం మీద అయితే నువ్వు మధ్యలో అడ్డం పడి "అది కాదే, ముందు నా మాట విను" అనలేవు. నేను చెప్పేదంతా చివరిదాకా వినాల్సిందే. అందుకే డిపోలో కూర్చుని రాస్తున్నాను.

అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. కొత్తగా ఏదో పట్టీ వేసుకుంటోంది. మెట్లు ఎక్కలేనంటుంది గానీ, మేడ మీద వాటావాళ్లింటికి కబుర్లకు మాత్రం రోజూ ఎక్కి వెళ్తుంది. కుక్కను చూడటానికని చెప్తుంది. ఆ కుక్కకు మన ఇంటి విషయాలన్నీ తెలిసిపోయి ఉంటాయి.

కుట్లు మానాయా అన్నావు. మానాయి. పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నాను. తుమ్మొస్తే మాత్రం ఇప్పటికీ దిండు కడుపుకు అదుముకుని తుమ్ముతాను. ఆ చప్పుడుకి మీ మరిది కొంప మునిగినట్టు పరిగెత్తుకొస్తాడు. గ్యారేజీలో ఇంజన్లు విప్పే మనిషి, నా దగ్గరకొచ్చేసరికి గ్లాసుతో నీళ్లు పట్టుకోవడం కూడా చేతకానట్టు నిలబడతాడు. వంట మాత్రం నేర్చుకున్నాడు. తినగలిగేటట్టే ఉంటోంది.

మళ్లీ బస్సు ఎప్పుడు నడుపుతావని అడిగావు. డిపో డాక్టరు ఇంకా సంతకం పెట్టలేదు. అంతదాకా నన్ను ప్రయాణికులు మర్చిపోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, ఒంటి చెప్పులు, ఒక కట్టుడు పళ్ల సెట్టు, ఎవరిదో గోడగడియారం. పళ్లు మర్చిపోయి దిగినాయన ఇంటికెళ్లి ఏం తిన్నాడో అని రోజూ అనుకుంటాను. టైమ్ కీపర్ అప్పుడప్పుడు కిటికీలోంచి తొంగిచూసి, "ఏం హారన్, నువ్వు లేక రోడ్డంతా నిద్రపోతోంది" అని పోతాడు. నాకా పేరు ఎలా వచ్చిందో నీకు తెలుసు కదా. స్టీరింగ్ ముందు నొప్పి వస్తే కేక వేయలేక హారన్ నొక్కేదాన్ని. ముందు వెళ్లే బండ్లవాళ్లు బూతులు తిట్టేవాళ్లు. నేను పళ్ల బిగువున నవ్వి చెయ్యి ఊపేదాన్ని.

ఆ నొప్పిని నమ్మినదానివి నువ్వొక్కదానివే అక్కా. అది మర్చిపోలేదు. అమ్మ "ఆడవాళ్లందరికీ ఉండేదే, నీకొక్కదానికేనా" అనేది. బడిలో టీచరు నాటకాలంది. పెళ్లయ్యాక చూపించుకున్న డాక్టరు "ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది" అన్నాడు. ఆ బిడ్డ పుట్టకపోవడానికీ ఈ జబ్బే కారణం కావచ్చని ఆయనకు తోచలేదు. నువ్వు మాత్రం నేను బాత్‌రూమ్ నేల మీద ముడుచుకుని పడుకోవడం చూసి, "ఇది మామూలు నొప్పి కాదే" అని చెయ్యి పట్టుకుని లేపి వేరే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిదే బయట ఎక్కడెక్కడో పెరుగుతోందని ఆవిడ బొమ్మ గీసి చూపించింది. ఎండోమెట్రియోసిస్ అన్న ఆ పొడుగాటి పేరు నాకు నోరు తిరగకపోతే, బస్సులో వస్తూ నువ్వే ముక్కలు ముక్కలుగా పలికించావు. జబ్బుకు పేరు దొరికినందుకు ఆ రోజు ఇద్దరం పండగ చేసుకున్నట్టు నవ్వుకున్నాం.

ఆ తర్వాతే కదా నీ ల్యాబులో ఆ పని మొదలైంది. మా వంటింట్లో టీ తాగుతూ నువ్వు చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది.

"మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయే. మీ డిపో లాంటిదే అనుకో. బుద్ధిగా పనిచేసేవాళ్లూ ఉంటారు, తాగి బండెక్కేవాళ్లూ ఉంటారు. ఒంట్లోంచి బయటికి పోవాల్సిన ఈస్ట్రోజెన్‌ని కొన్ని రకాలు పోనివ్వకుండా విప్పి, మళ్లీ రక్తంలోకి తోసేస్తాయి. నీ జబ్బుకి ఆ హార్మోనే తిండి."

"అయితే నాకీ జబ్బు వాటివల్లే వచ్చిందంటావా?"

"అదే ఎవరికీ తెలీదు. ఈ జబ్బున్న కొంతమందిలో ఆ గుంపు వేరేగా కనిపిస్తోంది. అవి మారితే జబ్బొచ్చిందా, జబ్బొచ్చాక అవి మారాయా అన్నది ఇంకా తేల్లేదు. అదేదో తేలేదాకా మంచి రకాలు కొన్ని క్యాప్సూల్‌లో పెట్టి ఇచ్చి చూద్దామని మావాళ్లు."

నీ కళ్లు మెరుస్తున్నాయి అప్పుడు. నీ మాటల్లో మోసం లేదు. ఇప్పటికీ లేదనే అనుకుంటున్నాను. సగంమందికి అసలు క్యాప్సూల్స్, సగంమందికి ఉత్తుత్తివి ఇస్తారని, ఎవరికి ఏవి వెళ్తున్నాయో వేసుకునేవాళ్లకీ డాక్టర్లకీ తెలియదని, సీసా మీది నంబరును బట్టి, నింపి మూతవేసే గదిలో ఉన్న మీకే తెలుస్తుందని కూడా నువ్వే చెప్పావు. మీ బంధువులు అందులో ఉండకూడదనే నియమం ఉందని, మన ఇంటిపేర్లు ఇప్పుడు వేరు కాబట్టి ఎవరూ పసిగట్టరని, అడిగితే అక్కాచెల్లెళ్లమని చెప్పొద్దని అన్నావు. నా కోసం నీ నియమాన్ని పక్కన పెట్టావని పొంగిపోయాను. ఆపరేషన్‌కి అప్పటికే తేదీ తీసుకుని ఉన్నాను. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లను అందులో చేర్చుకోరన్నావు. "ఆపరేషన్ ఎక్కడికీ పోదే. కోత లేకుండా తగ్గే దారి ఉంటే ముందు అది చూడాలి కదా" అన్నావు. సరేనని తేదీ వదిలేసుకున్నాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. నువ్వు చెప్పావు, నేను నమ్మాను.

సీసా చేతికి వచ్చిన రోజు నీకే ముందు ఫోన్ చేశాను. ఎవరికీ చెప్పొద్దన్న నంబరును లాటరీ తగిలినదానిలా గట్టిగా చదివి వినిపించాను. నువ్వు కాసేపు మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకుని హలో హలో అన్నాను. "ఉన్నానే. మంచి నంబరే. రోజూ మర్చిపోకుండా వేసుకో" అన్నావు. నీ గొంతు కొంచెం బొంగురుగా ఉంటే జలుబు చేసిందా అని అడిగాను. అవునన్నావు.

ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. నాకు తగ్గింది. నీ మీద ఒట్టు, నిజంగానే తగ్గింది. బస్సు నడుపుతూ హారన్ నొక్కకుండా ట్రిప్పులు పూర్తి చేసిన రోజులున్నాయి. టైమ్ కీపర్ బ్యాటరీ పాడైందా అని అడిగాడు. ఆ మాట నీకు చెప్పి పగలబడి నవ్వాను. నువ్వూ నవ్వావు. అంతకుముందు ఫోన్ ఎత్తగానే "నొప్పి ఎలా ఉంది?" అనేదానివి. సీసా వచ్చిన దగ్గర నుంచీ ఆ మాట అడగడం మానేశావు. నేనే చెప్పేదాన్ని, నువ్వు ఊ కొట్టేదానివి. నన్ను జబ్బుమనిషిలా చూడటం మానేసిందిలే అని అప్పుడు సంతోషించాను కూడా.

ఇక నీకు ఇంతవరకు ఫోన్‌లో సగం సగం చెప్పిన సంగతి. డిపోలో ఏటా చేసే ఆరోగ్య పరీక్షలో బీపీ ఎక్కువుందన్నారు. స్కాన్ తీశారు. ఎడమ కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టాన్ని ఆ పాడు పొర చుట్టుకుని నొక్కేసిందట. నొప్పి లేదు, జ్వరం లేదు. లోపల కిడ్నీ ఉబ్బి ఉబ్బి పనిచేయడం మానేసింది. ఆపరేషన్‌లో "కొంచెం పెద్దదే చేశారు" అని నీకు చెప్పాను చూడు, ఆ పెద్దది ఏమిటంటే కిడ్నీ తీసేశారు. అమ్మకూ మీ మరిదికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తే నువ్వు తట్టుకోలేవని అమ్మ అంది. నేనూ అదే అనుకున్నాను. నా కిడ్నీ పోతే నువ్వు తట్టుకోలేవని నేను భయపడ్డాను అక్కా. ఈ వాక్యం రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

ముందు అనుకున్న తేదీకి ఆపరేషన్ చేయించుకుని ఉంటే కిడ్నీ దక్కేదా అని సర్జన్‌ను అడిగాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "కచ్చితంగా అని చెప్పలేనమ్మా. కానీ అప్పటి స్కాన్‌లో అది బాగానే ఉంది" అంది. అంతకంటే ఏం చెప్తుంది పాపం.

ఇంత జరిగాక నాకిచ్చినవి ఏమిటో చెప్పక తప్పదని పరిశోధన డాక్టరు గుట్టు విప్పాడు. ఉత్తుత్తివట. పిండి. "మీకు నొప్పి తగ్గింది అబద్ధం కాదండీ. నమ్మకం వల్ల నిజంగానే తగ్గుతుంది. కానీ లోపల పెరిగేది ఆగదు" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. పిండి మింగి మురిసిపోయానన్న సిగ్గు ఒక పక్క. అయినా నీ మీద అనుమానం రాలేదు. ఎవరో ఒకరికి పిండి రావాలి, నాకొచ్చింది, నా ఖర్మ అనుకున్నాను. నంబరు నీకు చదివి వినిపించానన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు. నిన్ను నమ్మడం నాకంత అలవాటు.

ఈ గదిలో కూర్చున్నాక గుర్తొచ్చింది. పోయిన వారం ఒకావిడ రొప్పుతూ వచ్చింది. కొడుక్కి వేసే ఇన్సులిన్ సంచి బస్సులో మర్చిపోయిందట. అరలోంచి తీసి ఇచ్చాను. దొరికిందని సంతోషిస్తుందనుకుంటే, నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. "ఎంతసేపు బయట ఉంది? ఎండ తగిలిందా? ఫ్రిజ్‌లో పెట్టలేదా?" పెట్టలేదన్నాను. "అయితే ఇక దీన్ని నమ్మలేనమ్మా" అని సీసా అటూ ఇటూ తిప్పి చూసి, అక్కడే కుర్చీలో కూలబడిపోయింది. ఆవిడకు మంచినీళ్లు ఇవ్వడానికి లేచినదాన్ని లేచినట్టే నిలబడిపోయాను.

నీకు గుర్తుందా? అమ్మ ఫ్రిజ్ కడుగుతూ నా సీసా తీసి కిటికీలో పెట్టి మర్చిపోయింది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎండలో కాలింది. నేను డ్యూటీ దిగి వచ్చి చూసి వెంటనే నీకు ఫోన్ చేశాను. "అందులో ఉన్నవి బతికున్న జీవాలు, వేడి తగిలితే చస్తాయి, పసిపిల్లల్లా చూసుకోవాలి" అని నాకు చెప్పింది నువ్వే కదా. పాలగిన్నె మీద మూత లేకపోతే గంటసేపు సాధించే మనిషివి. నీ చేత తిట్లు తినడానికి సిద్ధపడి చేశాను ఆ ఫోన్.

"ఏం కాదులే. లోపల పెట్టేయ్" అన్నావు.

అంతే. ఎంతసేపు ఉందని అడగలేదు. కొత్త సీసా తెప్పించుకోమనలేదు. అమ్మను ఒక్క మాట అనలేదు. ముక్కూ మొహం తెలియని ఆ తల్లి గొంతులో ఉన్న కంగారు ఆ రోజు నీ గొంతులో లేదు. చావడానికి అందులో ఏమీ లేదని నీకు తెలుసు కాబట్టి లేదు. అమ్మను తిట్టలేదని ఆ రోజు ఇంట్లో అందరం నిన్ను మెచ్చుకున్నాం. పెద్దరికం వచ్చిందని మీ మరిది అన్నాడు.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి ప్రశ్న. "నువ్వు ఏ గుంపులో పడ్డావో చెప్పారా? నాకూ తెలుసుకోవాలని ఉంది." అది చదివి కాగితం మడిచి పక్కన పెట్టి, మళ్లీ విప్పి చదివాను. అక్షరాలు నీవే. ఏ ముఖం పెట్టుకుని రాశావక్కా ఆ వాక్యం? నాకు ఎంతవరకు తెలిసిందో చూద్దామనేనా?

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. చెప్తే ఉద్యోగం పోయేది. బంధువును దొంగచాటుగా చేర్చావని బయటపడేది. పైగా నాకు తగ్గుతోందని నేనే చెప్తున్నాను కదా, పిండో గిండో తగ్గుతోంది, కొన్నాళ్లు గడిస్తే అయిపోతుంది అనుకుని ఉంటావు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం మరీ కష్టమై ఉంటుంది. ఇవన్నీ నేను ఆలోచించలేదనుకోకు. నీ తరఫున నేనే వాదించుకుని నేనే ఓడిపోయాను. నన్ను చేర్చడానికి నియమం తప్పావు. నన్ను బయటికి లాగడానికి మాత్రం ఆ నియమమే నీకు అడ్డొచ్చింది. సీసాలో ఏముందో చెప్పమనలేదు నిన్ను. ఏ వంకో పెట్టి "ఇవి మానేయ్, వెళ్లి ఆపరేషన్ చేయించుకో" అంటే చాలు. ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు. నువ్వంటే వెళ్లేదాన్ని. ఆ సంగతి నీకు తెలుసు.

అమ్మకు చెప్పాను. మోకాలి పట్టీ విప్పి మళ్లీ కట్టుకుంది. తర్వాత, "అది నీ మంచికనే మొదలుపెట్టిందే" అంది.

"అవునమ్మా. మొదలుపెట్టింది మంచికే."

"ఇప్పుడు నువ్వు నోరు విప్పితే దాని బతుకు రోడ్డున పడుతుంది."

"నా కిడ్నీ పోయిందమ్మా."

"పోయింది. దానికోసం ఇదీ పోవాలా?"

అమ్మను నేను తప్పుపట్టను. ఇద్దరు కూతుళ్లలో ఒకదాని నష్టం జరిగిపోయింది, రెండోదాన్నైనా కాపాడుకుందామని ఆవిడ తాపత్రయం. కానీ అక్కా, ఆ మాటతో నేను ఇంకా ఒంటరిదాన్నయ్యాను. ఇన్నాళ్లూ అమ్మ నా నొప్పిని నమ్మకపోతే నువ్వున్నావు.

ఇంతవరకు చెప్పకుండా అట్టిపెట్టిన మాట ఇప్పుడు చెప్తున్నాను. నాకు జరిగిన నష్టం మీద విచారణకు ఒక కమిటీ వేశారు. నిన్న నన్ను పిలిచారు. పొడవాటి బల్ల, అవతల ముగ్గురు, నా ముందు ఒక నీళ్ల సీసా. మామూలు ప్రశ్నలన్నీ అయ్యాక, "ఈ పరిశోధనలో పనిచేసేవాళ్లతో మీకు బంధుత్వం ఏమైనా ఉందా?" అని అడిగారు. అందరినీ అడిగే ప్రశ్నేనట. లేదు అంటే అక్కడితో అయిపోయేది. అమ్మ అదే చెప్పమంది.

ఉందన్నాను. నంబరు చదివి వినిపించిన సంగతి చెప్పాను. కిటికీలో పెట్టిన సీసా సంగతి, నువ్వన్న మాట కూడా చెప్పాను. వాళ్లలో పెద్దావిడ రాసుకోవడం ఆపి, "దీనివల్ల మీ అక్కగారికి ఏమవుతుందో తెలిసే చెప్తున్నారా అమ్మా?" అంది. తెలుసన్నాను. నేను తగ్గిందని చెప్పినవన్నీ లెక్కలోంచి కొట్టేస్తారట. మిగతావాళ్లతో పరిశోధన సాగుతుందట. సాగాలి. ఆ అసలు క్యాప్సూల్స్‌లో నిజంగా ఏమైనా గుణం ఉంటే, ఎక్కడో బాత్‌రూమ్ నేల మీద ముడుచుకుని పడుకున్న పిల్లకు అది అందాలి. నువ్వు మెరిసే కళ్లతో చెప్పిన ఆ మాటల మీద నాకు కోపం లేదు. నీ మీదే ఉంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కిడ్నీ తీశారని చెప్పిన రోజు కూడా అంత ఏడవలేదు.

నిన్ను పిలవడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుందన్నారు. మీ మరిది స్నేహితుడు మీ ఊరికి బస్సు తీసుకొస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిచ్చి పంపుతున్నాను, ముందే నీకు అందాలని. నేను క్షమించానని అనుకోకు. క్షమించలేదు. ఎప్పటికి క్షమిస్తానో కూడా తెలియదు. జరగబోయేది నీకు ముందుగా తెలియాలని, అదీ నా నోటితోనే తెలియాలని మాత్రం రాస్తున్నాను. నేను నీ నుంచి కోరుకున్నదీ అంతే అక్కా, నువ్వు నాకు ఇవ్వనిదీ అంతే.

ఇట్లు,
ఇన్నాళ్లూ నీ మాట మీద బతికిన,
నీ చెల్లెలు